జూనియరుకు కుర్చీ

శుక్రవారం మధ్యాహ్నం, భోజనాలకు ముందు, ఖతార్‌లోని అబూ హమూర్‌లో ఒక విల్లా పై అంతస్తులో నన్ను మాట్లాడమన్నారు. ఇక్కడి తెలుగు కుటుంబాల వాళ్ళు తమ పిల్లలకు పై చదువుల గురించి చెప్పించాలని ఏర్పాటు చేసుకున్న సమావేశం అది. పన్నెండో తరగతి పిల్లలు ముందు వరుసల్లోనూ, తల్లిదండ్రులు వెనకా కూర్చున్నారు. డాక్టరు మాట్లాడారు. ఇంజినీరు మాట్లాడారు. చార్టర్డ్ అకౌంటెంటు గోడమీద బొమ్మలు వేసి చూపించి మరీ మాట్లాడారు. లా గురించి చెప్పడానికి వాళ్ళకు దొరికినవాణ్ణి నేను.

పిలిచినాయన నన్ను "మన లాయరు గారు" అని పరిచయం చేశాడు. నేను లేచి మొదట ఆ మాట సరిదిద్దాను.

"నేను లాయరును కాను. లా చదివినవాణ్ణి."

వినయం కోసం అన్న మాట కాదు. నెల జీతానికి కుదిరినవాడు వకీలుగా కొనసాగకూడదని మన దేశంలో నియమం. బార్ కౌన్సిలుకు రాసి, వాదించే అనుమతిని, అంటే సనదును, నిలుపుదల చేయించుకోవాలి. ఇక్కడికి వచ్చే ముందు నేను ఆ పని చేశాను. నాకు తెలిసిన చాలామంది చేయరు. రాసి ఉన్న నియమాన్ని చూసీ చూడనట్టు ఉండటం మా ఇంటి పద్ధతి కాదు.

పిల్లలకు ఉన్నదున్నట్టు చెప్పాను. లా చదివితే సీనియరు వకీలు దగ్గర చేరి కోర్టులో ప్రాక్టీసు చేయవచ్చు. జడ్జి పరీక్ష రాయవచ్చు, కానీ ఇప్పుడు మూడేళ్ళు ప్రాక్టీసు చేసి ఉంటేగాని ఆ పరీక్షకు కూర్చోనివ్వరు. బ్యాంకుల్లో, కంపెనీల్లో లా ఆఫీసరు కావచ్చు. పాఠాలు చెప్పవచ్చు. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని విదేశీ కంపెనీల ఒప్పందాలు చదివిపెట్టే ఉద్యోగాలు ఇప్పుడు చాలా వచ్చాయి. ఖతార్‌కు వస్తే మాత్రం మనవాళ్ళు కోర్టులో వాదించలేరు. ఈ దేశపు వకీళ్ళే వాదిస్తారు, అదీ అరబీలో. మనకు మిగిలేది వెనక గదిలో కూర్చుని రాసిపెట్టే పని.

"నేను అల్ సద్‌లో ఒక నిర్మాణ కంపెనీలో కాంట్రాక్టుల విభాగంలో ఉన్నాను. పని ఆలస్యమైతే అది మా తప్పు కాదని ఉత్తరం రాస్తాను. సంతకం మేనేజరు పెడతాడు," అన్నాను.

ముందు వరుసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "అంకుల్, మరి మీ నల్లకోటు ఏం చేశారు?"

"బీరువాలో ఉంది."

అందరూ నవ్వారు. నేను హాస్యమాడలేదు. అల్ అజీజియాలో మా ఫ్లాట్‌లోని బీరువాలో అది నిజంగానే ఉంది. ఏడాదికోసారి దులిపి మళ్ళీ తగిలిస్తాను.

భోజనాలు వచ్చాయి. ఆ గిన్నెలు మోసుకొచ్చిన మనిషి నేను మాట్లాడినంతసేపూ తలుపు దగ్గర నిలబడి వినడం గమనించాను. యాభై దాటి ఉంటాయి. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. పక్క వీధిలో ఒక ఖతారీ ఇంట్లో డ్రైవరట, శుక్రవారం సెలవు కాబట్టి మనవాళ్ళకు సాయం చేస్తుంటాడట. నేను తినకుండా బయల్దేరితే వెనకాలే మెట్లు దిగి వచ్చాడు.

"సార్, ఒక్క మాట అడగల్ల."

"అడుగు."

"మా పాప లా సదివింది సార్. మొన్ననే అయిపాయ. ఎవురో లా సారు మాట్లాడతాడంట అంటే మీ మాట వినేదానికే గిన్నెలు మోస్తానని వచ్చినా. మీరేమో అన్ని దార్లు చెప్పినారు. ఏ దారి మంచిదో మాత్రం చెప్పకుండా దిగొచ్చేసినారే!"

అతని యాస మా వైపుది. ఏ ఊరని అడిగాను. చెప్పాడు. మా ఊరికి ఏటి అవతలి ఊరు. నువ్వెవరని అడిగితే అడిగినవాడు కూడా తానెవరో చెప్పాలి కాబట్టి మా నాన్నగారి పేరు చెప్పాను. అతను చేతిలో ఉన్న గిన్నె మూతను చంకలో పెట్టుకుని చేతులు రెండూ ఖాళీ చేసుకున్నాడు.

"పెద్దింటోళ్ళా సామీ మీరు! మా నాయన మీ ఇంట్లోనే జీతమున్నాడు. ఎద్దుల కాడ."

అంతవరకూ "సార్" అన్నవాడు ఆ తర్వాత మళ్ళీ ఆ మాట అనలేదు. మా ఇంట్లో జీతమున్నవాళ్ళు చాలామంది ఉండేవారు. ఇప్పుడు నేనూ నెల జీతం మీదే ఉన్నాను. ఆ సంగతి అతనికి చెప్పనక్కరలేదు, పైన ఇంతకు ముందే విన్నాడు.

"మీ ఇంట్లోనే మా అన్న కొడుకు పెండ్లి జరిగె సామీ, పోయిన మాఘంలో. ఇప్పుడు దాన్ని కల్యాణమండపం చేసినారు గదా. బాగుంది సామీ, హాలంతా ఏసీ పెట్టినారు."

"అలాగా," అన్నాను.

ఆ మాట విన్నప్పుడు కలగవలసింది ఏదో ఉంటుంది. నాకు కలగలేదు. చాలా ఏళ్ళుగా అంతే. ఎండ మాత్రం కళ్ళలో గుచ్చుకుంటోంది. పక్కకు జరిగి గోడ నీడలో నిలబడి మిగతాది విన్నాను.

అతని కూతురికి జడ్జి కావాలని ఉంది. మూడేళ్ళ ప్రాక్టీసు కావాలంటే ముందు ఎవరైనా సీనియరు చేర్చుకోవాలి. మా జిల్లా కోర్టున్న ఊళ్ళో ఆ అమ్మాయి తిరిగిన ఆఫీసుల్లో "ఎవరి తాలూకు నువ్వు?" అని అడిగారట. డ్రైవరు కూతురినని చెబితే తర్వాత చూద్దామన్నారట. ఈలోగా బెంగుళూరులో కాంట్రాక్టులు చదివే కంపెనీ ఒకటి ఉద్యోగం ఇస్తామంది. నెలాఖరులోగా అవునో కాదో చెప్పాలి.

"అది చేరితే నేను ఇంటికి పోవచ్చు సామీ. నేను పనిజేసే ఇంటి మడామ్‌కు గూడా చెప్పి పెట్టినా, ఈ తడవ పోతే మళ్ళా రానని. కానీ పాప మాట్లాడడం మానేసినాది. అన్నం తింటాది, ఫోనెత్తుతాది, ఊ అంటాది. అంతే." అప్పుడు అసలు విషయం చెప్పాడు. "మన జిల్లా కోర్టులో పెద్ద ప్లీడరు ఉండాడే, ఆయన అప్పట్లో ప్లీడరుగా ఉన్న మీ నాయన కాడ జూనియరంట గదా సామీ. మీరొక్క ఫోను కొడితే..."

అతను చెప్పిన పెద్ద ప్లీడరు నిజంగానే మా నాన్నగారి జూనియరు. ఒకరోజు పొద్దున చెప్పకుండా వెళ్ళిపోయాడు. తర్వాత మా పినతండ్రులు వేసిన పంపకాల దావాలో వాళ్ళ తరఫున వకాల్తా వేశాడు. ఆ దావాలోనే ఇల్లు పోయింది. పొలాలు అంతకు ముందే పోయాయి. బాగా వాదించాడని నాన్నగారే అన్నారు. అన్నారే గాని, ఆయన పేరు మా ఇంట్లో మళ్ళీ ఎత్తలేదు.

"ఫోను చేయను," అన్నాను.

అతను బతిమాలలేదు. "సరే సామీ," అని గిన్నె మూత మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. అడగకూడనిది అడిగాననుకున్నట్టు తల దించుకున్నాడు. మా ఇంటి పేరు చెప్పుకుని వచ్చినవాణ్ణి ఉత్త చేతులతో పంపడం కూడా మా పద్ధతి కాదు.

"ఎవరూ చెప్పకుండానే ఆయన చేర్చుకునేలా ఎలా వెళ్ళాలో మీ అమ్మాయికి నేను చెబుతాను. ఫోను కలుపు."

అక్కడే కలిపాడు. ఆ అమ్మాయికి నేను నేర్పింది మా నాన్నగారి ఆఫీసులో జూనియర్లు నడుచుకున్న తీరు. గుమాస్తా తలుపు తీసే వేళకు అక్కడ ఉండాలి. నల్లకోటు చేతిమీద మడిచి పట్టుకోవాలి, కోర్టు ఆవరణలోకి వెళ్ళాకే తొడుక్కోవాలి. ఏం కావాలని ఎవరైనా అడిగితే పని నేర్చుకోవడానికి వచ్చానని చెప్పాలి, అంతకు మించి ఒక్క మాట అనకూడదు. సీనియరు ఎడమ భుజం వెనక నిలబడాలి. ఆయన చదివి పక్కన పెట్టిన కేసు కాగితాల కట్టను తీసి చదవాలి. కూర్చోకూడదు.

"ఎప్పుడు కూర్చోవాలి సార్?" అంది.

"కుర్చీ ఇచ్చినప్పుడు."

మా నాన్నగారి ఆఫీసులో జూనియర్లందరూ నిలబడే పని నేర్చుకున్నారు. ఒకనాడు ఆయన ఏదో ఒక కేసులో ప్రశ్న వేస్తారు. జవాబు నచ్చితే కుర్చీ వైపు చూసి "కూర్చో" అంటారు. ఆ సాయంత్రానికి బార్ అసోసియేషన్లో "ఫలానావాడికి కుర్చీ ఇచ్చారట" అని చెప్పుకునేవారు. ఆ మర్నాటి నుంచి అతనికి సొంతంగా కేసులు వచ్చేవి. నేనూ ఆ భుజం వెనక నిలబడ్డాను. పంపకాల దావా పోయాక ఆయన కోర్టుకు వెళ్ళడం మానేశారు. నాకు కుర్చీ ఇవ్వలేదు. అది తప్పని నేను ఎప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోవడం లేదు.

"ఆయన మర్యాదకు కూర్చోమంటారు. అది కుర్చీ ఇవ్వడం కాదు. తొందరపడకు," అని కూడా చెప్పాను.

నా నంబరు ఇచ్చి, "నేను చెప్పేదాకా కూర్చోవద్దనుకో," అని ఎందుకన్నానో తెలియదు. అన్నాను.

ఆ వారమంతా ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. ఒక సైటులో కేబుళ్ళు రావడం ఆలస్యమైంది. ఆ ఆలస్యం ఎవరి నెత్తిన పడాలో తేల్చే ఉత్తరం రాస్తున్నాను. మా ఆఫీసు పొద్దున ఏడింటికి మొదలవుతుంది. మన దేశంలో అప్పటికి తొమ్మిదిన్నర, వకీళ్ళు కట్టలు సర్దుకుని కోర్టుకు బయల్దేరుతుంటారు. అలాంటి వేళ ఇండియా నంబరు నుంచి ఫోను వచ్చింది.

"ఏమప్పా, బాగుండావా? గొంతు గుర్తుపట్టినావా, లేకుంటే పేరు చెప్పల్లనా?"

గుర్తుపట్టాను, ఆ పెద్ద ప్లీడరే. నేను కళాశాలలో చదువుకునే రోజుల్లో మా ఇంట్లో ఆయన అలాగే పిలిచేవాడు.

"చెప్పండి," అన్నాను.

"చెప్పేదానికేముంది! నా ఆఫీసులో ఒక పాప నిలబడింది. నిన్న పొద్దున వచ్చె. ఎవురమ్మా అంటే పని నేర్చుకోను వచ్చినా అనె. మంచిదే, కూర్చో తల్లీ అన్నా. కూర్చోలేదు. కాఫీ ఇస్తే నిలబడే తాగింది. మా గుమాస్తా దాన్ని పక్కకు పిలిచి, నడుము నొప్పా పాపా, మా బామ్మర్ది కట్టు కడతాడు, పోతావా అని అడిగినాడంట!"

నేను రాస్తున్న ఉత్తరాన్ని పక్కకు జరిపాను.

"ఈ పొద్దు మళ్ళా వచ్చె. మళ్ళా నిలబడె. ఆడపిల్ల నిలబడుంటే మేమెట్ల కూర్చుంటామని నా జూనియర్లు లేసి నిలబడినారు. క్లయింట్లు వచ్చి చూసి, ఎవురైనా పోయినారేమో అనుకోని వాళ్ళూ నిలబడినారు. నా ఆఫీసులో ఇప్పుడు కూర్చున్నోణ్ణి నేనొక్కణ్ణే. నాకే సిగ్గుగా ఉండాది." నవ్వు ఆపాడు. "నా ఎడమ భుజం ఎనకాల నిలబడిందప్పా. కోటు చేతిమీద మడుసుకోని. ఆ నిలబడే తీరు ఏ ఇంటిదో నాకు తెలీదా? నేను నిలబడలేదా? నా పిక్కల మీద నరాలు ఇప్పటికీ ఉబ్బుకోనుండాయి, వచ్చి చూడు. ఆ పొద్దు మీ ఆఫీసు మెట్లు దిగుతా ఒట్టు పెట్టుకున్నా, నా కాడ ఎవురూ నిలబడకూడదని. ఎవురు పంపినారే నిన్ను అంటే నీ పేరు చెప్పె."

"చేర్చుకోమని నేను మిమ్మల్ని అడగలేదు," అన్నాను.

"అడగవులే. అడిగితే ఆకాశం కిందపడదూ!" అన్నాడు. "చూడు, దాని చదువు బాగుంది. నేను చేర్చుకుంటా. కానీ నిలబడితే మాత్రం నాకొద్దు, ఈ పొద్దే పంపించేస్తా. కూర్చోమంటే, సారు చెప్పల్ల అంటాది. నువ్వే చెప్పు. కోర్టుకు టైమయితాంది."

మా మేనేజరు గాజు తలుపు అవతలి నుంచి ఉత్తరం అయిందా అన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆగమని నేనూ చెయ్యి చూపించాను.

"మా ఇంట్లో కుర్చీ ఊరికే ఇవ్వరు. మీకూ తెలుసు," అన్నాను.

"నీకిచ్చినాడా మీ నాయన?"

"ఇవ్వలేదు."

"మరి ఏ ముఖంతో..."

"ఇవ్వవలసినవాణ్ణి ఇప్పుడు నేనే. ఇంకెవరూ లేరు. అమ్మాయికి ఫోను ఇవ్వండి."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "పట్టు తల్లీ, మీ సారు పరీక్ష పెడతాడంట," అన్నాడు.

"నమస్తే సార్," అంది ఆ అమ్మాయి. మాట నెమ్మదిగా వస్తోంది. కాళ్ళ నొప్పి వల్ల కావచ్చు.

"నిన్నటి నుంచి ఏం చదివావు?"

"ఒక ఇంజంక్షన్ కేసు కట్ట సార్, పొలంలోకి రాకుండా ఆపమని. మనం ప్రతివాది తరఫున. వాళ్ళ పొలంలోకి మనవాళ్ళు దిగినారని దావా వేసినారు."

"దావాలో నీకు ఏం కనిపించింది?"

"హద్దులు సార్. పొలం హద్దులు రాసే షెడ్యూల్లో తూర్పున నీళ్ళ వంక అని రాసినారు. వాళ్ళు కొన్న పత్రంలో తూర్పున బండిదారి అని ఉండాది. వాళ్ళ పొలానికీ వంకకూ మధ్యలో మనవాళ్ళ పొలం ఉంది."

"అయితే కోర్టు తరఫున కమిషనర్ను వేసి పొలం కొలిపించమని అర్జీ పెడతావా?"

అది అందరూ చేసే పని. కళాశాలలో అదే చెబుతారు. ఆఫీసులో ఎవరో దగ్గారు, ఎవరో ష్ అన్నారు. అందరూ వింటున్నారని అర్థమైంది.

"పెట్టను సార్."

"ఎందుకు?"

"తప్పు వాళ్ళది. ఇప్పుడు మనం కొలిపిస్తే వాళ్ళు తప్పు తెలుసుకోని షెడ్యూలు దిద్దుకుంటారు. మన జవాబులో వాళ్ళు కొన్న పొలంలోకి మనం దిగలేదని మాత్రం రాస్తా. తూర్పు హద్దు గురించి వాళ్ళ సాక్షి బోనెక్కినాక అడుగుతా."

మా నాన్నగారు అవతలివాడి దావాను మనం బాగుచేయకూడదనేవారు. ఆమెకు ఆ మాట ఎవరూ చెప్పి ఉండరు. నేను చెప్పలేదు. గాజు తలుపు అవతల మేనేజరు ఈసారి చేతిగడియారం చూపించాడు.

"కూర్చో అమ్మా," అన్నాను.

కుర్చీ లాగిన చప్పుడు వినబడింది. ఆ తర్వాత చాలా కుర్చీలు ఒకేసారి లాగిన చప్పుడు. ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

పెద్ద ప్లీడరు ఫోను తీసుకున్నాడు. "అయిపాయనా మీ ఇంటి తంతు? ఆ హద్దు సంగతి నేను చూడలేదప్పా, నిజం చెప్తాండా. సాయంత్రం దానితోనే రాయిస్తా." ఇంకేదో అనబోయి మానుకున్నాడు. "ఉంటా మరి. వాయిదా ఉంది."

ఫోను పెట్టేసి నేను కేబుళ్ళ ఉత్తరం పూర్తి చేశాను. ఆలస్యం మా తప్పు కాదని అందులో మరోసారి రుజువైంది. మేనేజరు సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం డ్రైవరు మా ఇంటికి వచ్చాడు. ఖతారీ పిల్లల్ని ఆటలకు దింపి, వాళ్ళు తిరిగొచ్చేలోపు అల్ అజీజియా దాకా వచ్చానన్నాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. గడప అవతలే నిలబడి చెప్పాడు.

"బెంగుళూరోళ్ళకు వద్దని చెప్పేసినాది సామీ. ఫోన్లో గంటసేపు మాట్లాడింది. దావా అంట, హద్దంట, నాకేం అర్థమైతాది! ఆ ప్లీడరు సారు మూడేండ్లు ఉండమన్నాడంట. జీతమేమీ ఉండదంట, నేర్చుకునేవాళ్ళకు ఇయ్యరంట గదా."

"ఇవ్వరు."

"అది సరేలే సామీ." చేతిలో కారు తాళాలు ఒకసారి ఎగరేసి పట్టుకున్నాడు. "ఇందాక మా మడామ్‌తో మాట్లాడినా. పోను లే, ఉంటా అన్నా. ఆమెకు నవ్వొచ్చె. నువ్వు పోతా పోతా అని పోవు అనె. మూడేండ్లేముంది, యల్లా, పదా అంటే అయిపోతాయి."

అతని ఇల్లు ఎలా ఉందో, ఎన్నాళ్ళకొకసారి వెళతాడో, ఇంటి దగ్గర భార్య ఏమందో నేను అడగలేదు. అతనూ చెప్పలేదు. ఆ ఉద్యోగం ఒప్పుకోమని ఆ అమ్మాయికి నేను ఒక్క మాట చెప్పి ఉంటే ఈ నెల దాటాక అతను విమానం ఎక్కేవాడు. ఆ లెక్క నాకు తెలుసు. తెలిసినా, కూర్చో అన్న మాట వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు. సంతోషమూ కలగలేదు.

"కాళ్ళ నొప్పులు తగ్గాయా ఆ అమ్మాయికి?" అని అడిగాను.

"ఏం నొప్పులు సామీ?" అన్నాడు. ఆమె ఆ సంగతి తండ్రికి చెప్పలేదు.

కింద ఎవరో హారన్ కొట్టారు. తన బండి దారికి అడ్డంగా పెట్టాడేమో, గబగబా మెట్లు దిగిపోయాడు.